అచ్చియ్యమ్మ రవిక

మా మేనత్త రవికకి జ్ఞాపకశక్తి ఎక్కువ. పొద్దున్నుంచి ఆవిడని ఎవరు ముట్టుకున్నారో, ఎక్కడ ముట్టుకున్నారో, ఎంత గట్టిగా పట్టుకున్నారో అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. మధ్యాహ్నం నేను లాబ్‌లో కూర్చుని, భుజం దాకా ఉండే తొడుగు ఒకటి తొడుక్కుని మీట నొక్కితే, పొద్దున అత్త చేతికి జరిగిందంతా నా చేతికి జరుగుతుంది. ఎవరో వచ్చి మణికట్టు పట్టుకుంటారు, మోచెయ్యి ఎత్తుతారు, దిండు సర్దుతారు. కళ్ళు మూసుకుంటే పక్కన మనిషి ఉన్నట్టే ఉంటుంది.

ఆ గుడ్డ తయారుచేసింది నేనే. పేరు హైమవతి, ఊరు విశాఖపట్నం, చదివింది వస్త్ర విజ్ఞానం. మంచాన పడ్డవాళ్ళకి పుండ్లు పడకుండా ఎక్కడ ఒత్తిడి పెరుగుతోందో కనిపెట్టడానికి మొదలుపెట్టిన పని ఇది. వెంట్రుక కన్నా సన్నని తీగలు నూలులో కలిపి నేయించాం. తీరా చూస్తే అది ఒత్తిడే కాదు, చేతి స్పర్శని కూడా పట్టేస్తోంది. దానికి మేం మార్కులు కూడా కట్టాం. మెత్తదనానికి నూటికి ఇన్ని అని. ఆ మార్కుల పద్ధతి రాసింది కూడా నేనే కాబట్టి దాని మీద నాకు కాస్త గర్వం ఉండేది. కాస్త ఏమిటి, బాగానే ఉండేది.

మా అత్త పేరు అచ్చియ్యమ్మ. మా నాన్నకి అక్క. పిల్లలు లేరు, మొగుడు పెళ్ళయిన మూడో ఏటే పోయాడు. కానీ పాతపట్నంలో మా వీధీ, అటు రెండు వీధులూ, ఇటు రెండు వీధులూ ఎక్కడ పురుడు జరిగినా పసిబిడ్డకి నీళ్ళు పోసేది మా అత్తే. కాళ్ళు బారచాపుకుని పీట మీద కూర్చునేది. బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, సున్నిపిండితో రుద్ది, వేడినీళ్ళు గుమ్మరించేది. కాగులోంచి నీళ్ళు తోడి అందించే పని నాది. ఆవిడ చెయ్యి పడుతుంటే వీపు ఎర్రగా కందేది. కొత్తగా తల్లయిన పిల్ల తలుపు చాటునుంచి "అత్తయ్యా, మెల్లిగా" అని ఏడుపు గొంతుతో అనేది. అత్త తల కూడా ఎత్తేది కాదు. సాంబ్రాణి పొగ వేసి పక్క మీద వేస్తే ఆ బిడ్డ మూడు గంటలు కదిలేది కాదు.

నన్ను పెంచింది ఆవిడే. అలాంటి మనిషికి పోయిన వానాకాలంలో పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట పోయి "ఊఁ" ఒక్కటి మిగిలింది. అన్నం పెట్టనా అంటే ఊఁ, వద్దా అన్నా ఊఁ. నొప్పిగా ఉందా అంటే ఊఁ, లేదుగా అన్నా ఊఁ. డాక్టరు వచ్చి "మీరు చిన్నపిల్లా అండీ?" అన్నా ఊఁ అంది, అప్పుడు మాత్రం ఎడమ కన్ను కాస్త నవ్వినట్టు అనిపించింది నాకు.

రెండు నెలలు వీలైనన్ని గంటలే లాబ్‌కి వెళ్తూ నెట్టుకొచ్చాను. మా ఆయన గవర్రాజు రైల్వేలో డ్యూటీలు మార్చుకుంటూ సాయం చేశాడు. ఒకటో తారీఖు నుంచి నేను రోజంతా వెళ్ళక తప్పదు. ఆ లోపల ఇంటికొచ్చి చూసుకునే మనిషిని ఏదైనా ఏజెన్సీ నుంచి కుదుర్చుకోవాలి. బాగోలేకపోతే బాగోలేదని చెప్పుకోలేని మనిషిని ఎవరి చేతిలోనో పెట్టి వెళ్ళాలి. అదీ నా బెంగ.

అందుకే నలభై రెండు ప్రశ్నలతో ఒక జాబితా రాసుకున్నాను. రోజూ ఒకే మనిషి వస్తారా? ఆవిడ సెలవు పెడితే ఎవరొస్తారు? శిక్షణ ఎవరిచ్చారు? పోలీసు విచారణ జరిగిందా? ఒంట్లో బాగోకపోతే ముందు ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ జాబితా చూసి గవర్రాజు "ఇది ఆయా ఉద్యోగమా, కలెక్టరు ఉద్యోగమా?" అన్నాడు. నేను పట్టించుకోలేదు. జాబితా చాలదని, అత్తకి మా గుడ్డతో మణికట్టు దాకా చేతులుండే రవికలు మూడు కుట్టించాను. స్నానానికి విప్పే అరగంట తప్ప మిగతా పొద్దంతా అదే ఒంటి మీద ఉండేది.

ఏజెన్సీల వాళ్ళకి అది గుండె కొట్టుకోవడం చూసే రవిక అని చెప్పాను. పూర్తి అబద్ధం కాదు, గుండెనీ చూస్తుంది. చేతుల్ని చూస్తుందని చెప్పలేదు. చెబితే జాగ్రత్తపడతారు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

మొదటి కంపెనీ మేనేజరు టై కట్టుకుని వచ్చాడు. నలభై రెండు ప్రశ్నలకీ నలభై రెండు జవాబులు తడుముకోకుండా చెప్పాడు. మూడు రోజులు పరీక్షగా మనిషిని పంపాడు. నేను లాబ్‌కి వెళ్ళాకే ఆవిడ రావడం, తిరిగొచ్చేలోపు వెళ్ళిపోవడం. గవర్రాజుకి ఆ మూడు రోజులూ పగలే డ్యూటీ, తలుపు తీసింది రోజుకొక పక్కింటివాళ్ళు. హాజరు పుస్తకంలో మూడు రోజులూ ఒకే సంతకం. తొడుగు తొడుక్కుని చూస్తే మూడు రోజులూ మూడు వేరు వేరు చేతులు. ఒకటి చెమట చెయ్యి, జారుతూ పట్టుకుంటుంది. ఒకదానికి ఉంగరం ఉంది. మూడోది ఎడమచేతి వాటం. ఫోన్ చేసి అడిగితే "ఒకే మనిషి మేడమ్, నాదీ పూచీ" అన్నాడు. ఉంగరం సంగతి చెప్పగానే లైన్ సరిగా లేదన్నాడు. ఆ రోజు నా గుడ్డని నేనే ముద్దుపెట్టుకున్నాను.

రెండో కంపెనీ వాళ్ళు మొదటిరోజే అత్తకి పూలగుత్తి తెచ్చారు. వాళ్ళు పంపిన అమ్మాయి పేరు సుహాసిని. శుభ్రంగా ఉంటుంది, అడుగు చప్పుడు కూడా వినిపించదు. మూడు రోజులూ ఆ అమ్మాయే వచ్చింది. మెత్తదనానికి తొంభై ఒకటి మార్కులు. మా లాబ్‌లో ఎవరికీ తొంభై దాటలేదు.

మూడోది చిన్న ఏజెన్సీ. టిఫిన్ హోటల్ మీద రెండు గదుల్లో జానకీబాయి అనే రిటైరయిన నర్సు నడుపుతోంది. ఆవిడ నా ప్రశ్నల్లో సగానికి "అది చూసి చెబుతానమ్మా" అంది. పంపిన మనిషి దేముడమ్మ. శ్రీకాకుళం వైపు మనిషి, యాభై ఏళ్ళుంటాయి, గొంతు వీధి చివరికి వినిపిస్తుంది. మొదటిరోజు సాయంత్రం లాబ్‌లో తొడుగు తొడుక్కున్నాను. ఎవరో నా భుజం మీద చరిచారు. తర్వాత చెయ్యి లాగారు. మోచేతి నుంచి కిందకి అదిమి అదిమి రుద్దారు. చెయ్యి తీసి చూసుకుంటే ఎర్రబడి ఉంది. మార్కులు ముప్పై ఎనిమిది.

రెండో రోజు మధ్యాహ్నమే ఇంటికి పరిగెత్తాను. దేముడమ్మ మంచం పక్కన కూర్చుని అత్త చెయ్యి రుద్దుతూ ఏదో పాట లాంటిది గొణుగుతోంది.

"నువ్వు మనిషిని రుద్దుతున్నావా, గిన్నెలు తోముతున్నావా?" అన్నాను.

దేముడమ్మ చెయ్యి ఆగిపోయింది. "ఏటమ్మా? ఏటైనాది?"

"ఇంక రేపట్నించి రావక్కర్లేదు. జానకీబాయి గారికి నేను చెబుతాను."

ఆవిడ లేచి కొంగు సర్దుకుంది. అత్త వైపు వంగి "ఎల్లొత్తాను మామ్మగారూ" అంది. అత్త "ఊఁ" అంది. తర్వాత మళ్ళీ "ఊఁ" అంది. ఆ రెండోది ఎవరితో అందో నేను ఆలోచించలేదు.

సాయంత్రం గవర్రాజు అన్నాడు. "పెద్దావిడ నిన్న మధ్యాహ్నం పడుకున్నారు తెలుసా? నేను వచ్చేసరికి గురక కూడా."

"అలిసిపోయి ఉంటుందండీ. అలా రుద్దితే గుర్రమైనా పడుకుంటుంది."

"నీ ఇష్టం. మార్కులు నీ దగ్గరున్నాయి, నా దగ్గర గురక ఒక్కటే ఉంది" అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు.

సుహాసినిని ఖాయం చేసుకున్నాను. వారం గడిచింది. రోజూ తొంభై, తొంభై ఒకటి, ఒకరోజు తొంభై మూడు. అత్త మాత్రం రెండు ముద్దలు తిని నోరు మూసేసేది. మధ్యాహ్నం కళ్ళు తెరుచుకునే ఉండేది. ఎడమ చెయ్యి పక్క గుడ్డని పట్టుకుని ఉండేది. డాక్టరు చూసి అన్నీ బాగానే ఉన్నాయన్నాడు. నా మార్కులూ అదే చెబుతున్నాయి. బాగానే ఉన్న మనిషి ఎందుకు తినదో మా ఇద్దరికీ తెలియలేదు.

ఆ సంగతి బయటపెట్టింది నౌషీన్. మా లాబ్‌లో చేరి ఆరు నెలలైన పిల్ల, దేన్నీ ఉన్నదున్నట్టు నమ్మదు.

"మేడమ్, ఈ ముప్పై ఎనిమిది మార్కుల ఫైల్లో చెత్త తక్కువుంది, ఎందుకు?" అంది.

మేం చెత్త అనేది దేన్నంటే, గుడ్డకి పైనుంచి వచ్చేది ముట్టుకున్నవాళ్ళ చెయ్యి. కిందనుంచి వచ్చేది ముట్టించుకున్నవాళ్ళ ఒళ్ళు. చర్మం అదురు, కండ బిగింపు, అదే మా చెత్త. అది చేతి లెక్కని పాడుచేస్తోందని ఏడాది క్రితమే జల్లెడ పట్టి పక్కన పడేశాం. పారేయలేదు, కానీ చూడనూ లేదు.

"సుహాసిని ఫైల్లో చూడండి, ఎంత చెత్తో" అంది నౌషీన్. "అస్తమానం అదురే. దేముడమ్మ ఫైల్లో మొదట ఉంది, తర్వాత పోయింది."

తొడుగు తొడుక్కుని జల్లెడ తీసేసి పెట్టమన్నాను.

ముందు సుహాసిని. మెత్తని చెయ్యి వచ్చి మణికట్టు మీద ఆనింది. ఆనీ ఆనకముందే తొడుగు నా ముంజేతి కండని పట్టి బిగించింది. చెయ్యి వెళ్ళిపోయింది. మళ్ళీ ఎక్కడినుంచో చెప్పాపెట్టకుండా వచ్చి మోచేతిని వేళ్ళ కొసలతో ఎత్తింది. పడేస్తారేమో అన్నట్టు కండ రాయయింది. ఆ చెయ్యి మెత్తనిదే, కానీ భయపడుతున్న చెయ్యి. గట్టిగా పట్టుకోకూడదని వాళ్ళ కంపెనీ నేర్పి ఉంటుంది, ఆ పిల్ల తప్పేం లేదు. కానీ సగం ఒళ్ళు స్వాధీనంలో లేని మనిషికి ఆ కొసవేళ్ళ పట్టు ఎలా ఉంటుందో నాకు ఆ నిమిషం దాకా తెలీదు.

తర్వాత దేముడమ్మ. భుజం మీద చరుపు. కాదు, చరుపు కాదు. జల్లెడ తీసేశాక తెలిసింది. రెండు తట్లు. టప్, టప్. తర్వాత ఒక్క క్షణం ఆగి అప్పుడు చెయ్యి ఎత్తింది. కండ బిగుసుకోలేదు. అదిమి రుద్దుతుంటే వదులైంది, ఇంకా వదులైంది. కాసేపటికి నా చెయ్యి బల్ల మీద నిద్రపోతున్న బిడ్డలా బరువుగా పడి ఉంది.

ఆ రెండు తట్లు నాకు తెలుసు. బిడ్డని బోర్లా తిప్పేముందు మా అత్త ఎప్పుడూ అలాగే తట్టేది. తిప్పబోతున్నానురా అని చెప్పడం అది. కాగు దగ్గర నిలబడి అయిదేళ్ళు చూశాను. లాబ్‌లో అందరి ముందూ ఏడ్చేశాను. నౌషీన్ నీళ్ళు తెచ్చింది.

"ఇంకో ఫైలుంది మేడమ్" అంది మెల్లిగా. "పొద్దున ఏడింటికి రోజూ ఒకరు రవిక తొడుగుతున్నారు, దాని కింద..."

ఆ ఒకరు నేనే. నా మార్కులు ఎనభై ఆరు. నా చేతి కింద మా అత్త కండ అందరికన్నా ఎక్కువ బిగుసుకుపోయింది. ఏడింటికి గుండీలు పెట్టేటప్పుడు నేను ఎనిమిదింటి బస్సుని తలుచుకుంటాను. అది నా వేళ్ళకి తెలుసు, ఆవిడ చేతికీ తెలుసు. నాకే తెలీదు. ఆ ఫైలు రెండోసారి పెట్టుకోలేకపోయాను.

మా లాబ్‌లో పన్నెండు మందిమి. పన్నెండు మందికీ పుట్టగానే ఎవరో ఒకరు ఒళ్ళు కందేలా రుద్ది నీళ్ళు పోసే ఉంటారు. ఆ చేతుల కింద హాయిగా నిద్రపోయి పెరిగినవాళ్ళమే. పెద్దయ్యాక అందరం కూర్చుని మెత్తగా ముట్టుకోవడమే మంచిగా చూసుకోవడం అని తేల్చి మార్కులు కట్టాం. పైగా కాగు దగ్గర నిలబడ్డదాన్ని నేను.

ఆ సాయంత్రమే తొడుగు సంచీలో పెట్టుకుని టిఫిన్ హోటల్ మెట్లెక్కాను. జానకీబాయి కూర్చోమనలేదు.

"మీ జాబితా నా దగ్గరే ఉందమ్మా" అంది. "నలభై రెండు ప్రశ్నలు. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో చేశాను, ఇంత మంచి జాబితా చూళ్ళేదు. కానీ పేషెంటుకి ఏమిష్టం అన్నది ఒక్కటీ లేదు."

"తప్పయింది" అన్నాను. దేముడమ్మ గోడ పక్క చాప మీద కూర్చుని దుప్పట్లు మడతపెడుతోంది. ఆవిడకి ఎదురుగా కూర్చుని రవిక సంగతి దాచకుండా చెప్పేశాను. అదేం చేస్తుందో, మార్కులేమిటో, తొడుగేమిటో.

విని మడతపెడుతున్న దుప్పటి పక్కన పెట్టింది. "అంటే నా సేతులు మీరు అట్టుకుపోనారన్నమాట. నాకు సెప్పకండా."

"అవును."

"అడిగితే నానే సెప్పీదాన్ని గదమ్మా."

బతిమాలుకోవడమే మిగిలింది. "రా దేముడమ్మా. ఆవిడ అన్నం మానేసింది. రవిక తీసేస్తాను. నువ్వు తొడగమంటేనే మళ్ళీ తొడుగుతాను."

ఆవిడ సంచీ వైపు చూసింది. "ముందర నాకు సూపించండి అది. నా సేతులెలగుంటాయో నాకు తెల్వద్దా?"

తొడుగు తొడిగి మీట నొక్కాను. దేముడమ్మ మొహం ముందు నవ్వింది, పక్కింటి పిల్లలాట చూస్తున్నట్టు. రెండు తట్లు పడ్డాయి. తర్వాత రుద్దడం మొదలైంది. నవ్వు పోయింది. కళ్ళు మూసుకుంది. జానకీబాయి కూడా రాస్తున్నది ఆపి చూసింది. ఫైలు అయిపోయినా ఆవిడ చెయ్యి తియ్యలేదు.

"ఇంకోపాలి ఎట్టండమ్మా" అంది. పెట్టాను. "ముప్పయ్యేళ్ళయింది ఈ పని సెయ్యబట్టి. నన్నెవులూ ఇలగ పట్టుకోనేదు." కళ్ళు కొంగుతో తుడుచుకుని వెంటనే గొంతు పెంచింది. "అయినా నాకేటొచ్చమ్మా? నానూ మొదట మెత్తగానే పట్టుకున్నాను. మామ్మగారే నేర్పీసినారు."

"అత్తా? ఎలా?"

"మొదటి రోజు ఎడం సేత్తో నా సెయ్యి పట్టీసుకున్నారు. భుజం మీద ఏసి రెండుసార్లు తట్టించినారు. తరవాత కుడిసెయ్యి మీదెట్టి నొక్కీ నొక్కీ ఇలగ రుద్దు అన్నట్టు లాగినారు. నాను తప్పు సేత్తే నా సెయ్యి ఇసిరీసేవోరు. గంటసేపు! మా సెడ్డ కోపిష్ఠి మామ్మగారు."

ఇంటికొచ్చి ఆ రాత్రి భోజనాలయ్యాక సుహాసినికి ఫోన్ చేసి ఒకటో తారీఖు నుంచి రావక్కర్లేదని చెప్పి, అత్త తన చెయ్యి కూడా పట్టుకునేదా అని అడిగాను. అవును మేడమ్, రోజూ నా చెయ్యి పట్టుకునేవారు, ఆవిడకి శ్రమ ఎందుకని మెల్లిగా విడిపించేసుకునేదాన్ని అంది. టై కట్టుకున్నాయన పంపిన మూడు చేతుల్నీ కూడా పట్టుకునే ఉంటుంది. రెండు నెలలు నా చేతిని కూడా పట్టుకుంది. పాపం భయపడుతోందనుకుని, "ఇక్కడే ఉన్నానత్తా" అని ఆ చేతిని నిమిరి దుప్పటి కింద పెట్టేదాన్ని.

ఏజెన్సీలన్నిటికీ పరీక్ష పెట్టింది నేననుకున్నాను. మంచం మీదనుంచి మా అందరికీ పరీక్ష పెట్టింది మా అత్త. నేర్చుకోడానికి చెయ్యి ఇచ్చిన మనిషిని ఒక్కదాన్నే ఎంచుకుంది. ఆ మనిషిని నేను పంపేశాను.

ఒకటో తారీఖు దేముడమ్మ వచ్చింది. గుమ్మంలోంచే "మామ్మగారూ, వొచ్చీసినాను" అని అరిచింది. అత్త "ఊఁ" అంది. ఆ ఊఁ అన్ని ఊఁలలాంటిది కాదని గవర్రాజు కూడా ఒప్పుకున్నాడు. ఆ మధ్యాహ్నం గురక వినిపించిందని నాకు లాబ్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాడు.

లాబ్‌లో ఏడాది మార్కులూ కొట్టేశాం. ఇప్పుడు చెత్త అన్నదాన్నే ముందు చూస్తున్నాం. ఎవరి చేతుల్ని కొలవబోతున్నామో వాళ్ళకి ముందు చెబుతున్నాం, తొడుగు కూడా ముందు వాళ్ళకే ఇస్తున్నాం. అత్త రవికలు మూడూ బీరువాలో ఉన్నాయి. ఆవిడ పాత నేత రవికలే వేసుకుంటోంది.

నేను ఎనిమిదింటి బస్సు మానేసి తొమ్మిదింటిది పట్టుకుంటున్నాను. మొన్న ఆదివారం ఏడింటికి గుండీలు పెట్టబోతుంటే అత్త ఎడమ చెయ్యి వచ్చి నా మణికట్టు పట్టుకుంది. ఈసారి నిమరలేదు, దుప్పటి కింద పెట్టలేదు. చెయ్యి ఇచ్చేశాను. భుజం మీదకి తీసుకెళ్ళింది. రెండుసార్లు తట్టించింది. తర్వాత కుడిచేతి మీద పెట్టి నొక్కమంది. నొక్కాను. విసిరేసింది. మళ్ళీ పట్టుకుంది. ఇంకాస్త గట్టిగా నొక్కాను. మళ్ళీ విసిరేసింది. నాలుగోసారో అయిదోసారో భయం వదిలి అరచెయ్యంతా ఆన్చి మోచేతి నుంచి కిందకి రుద్దాను. ఆవిడ చెయ్యి నా చేతిలోకి బరువుగా వాలింది. అది తెలుసుకోడానికి ఏ తొడుగూ అక్కర్లేకపోయింది.

"పాసైపోనారమ్మా" అంది దేముడమ్మ, కాఫీ గ్లాసుతో గుమ్మంలో నిలబడి.

అత్త అంత తొందరగా మార్కులు వేసే మనిషి కాదు. నా చెయ్యి పట్టుకుని మళ్ళీ మొదటికి, భుజం మీదకి, తెచ్చి పెట్టింది.